మా అత్త పెట్టిన ఇథియోపియా కాఫీ అంగడి

ఈమధ్య తిరుపతిలో లాడ్జి కట్టబోయే స్థలం ఒకటి కొలవమని మా ఆఫీసువాళ్ళు నన్ను పంపించారు. అక్కడ పాత పెంకుల వరస గదులు ఉన్నాయి. వాటిని పడగొట్టక ముందే ఉన్నది ఉన్నట్టు నక్షా గీయాలి. టేపు ఒక కొస మేస్త్రీకి ఇచ్చి, రెండో కొస నేను పట్టుకొని, ఒక్కో గదీ కొలుచుకుంటూ పోతున్నాను. మూడో గదిలోకి వెళ్ళేసరికి, గోడమీద నడుమెత్తున, పెనం పొగ పట్టిన పెద్ద నల్లటి మచ్చ కనిపించింది. దానిపైన రాలిపోతున్న సున్నం కింద నుంచి నీలం రంగు అక్షరాలు తొంగి చూస్తున్నాయి. మొదటి మాట చెరిగిపోయింది. రెండోది 'కాఫీ'. కొలత చెప్పండి సార్ అని మేస్త్రీ అడిగాడు. టేపు చూసి చెప్పాను కానీ ఆ అంకె మీద నాకే నమ్మకం కలగలేదు. నా తలలో ఆ గది పెళ్ళి పందిరంత పెద్దది. టేపు మీద అది ఒక మంచం, ఒక బీరువా పట్టేంత. మేస్త్రీని మళ్ళీ కొలవమన్నాను. అదే అంకె వచ్చింది. గోడకు ఆనుకొని నిలబడిపోయాను. ఇంత చిన్న గదిలోనా మా నాయన మాట తప్పింది!

మా నాయనకు చిత్తూరులో కాఫీపొడి అంగడి ఉండేది. గింజలు వేయించే ఇనుప పీపా ఇంటి వెనక, పొడి కొట్టే మిషను ఇంటి ముందు, మధ్యలో మేము. మా దుప్పట్లకూ, పుస్తకాలకూ, అమ్మ కొంగుకూ అదే వాసన. ఉదయం లేవగానే ముందు పీపా తిరిగే చప్పుడు వినిపించేది. ఆ తర్వాత గింజలు చిటపటమనే చప్పుడు. అది ఏ క్షణాన ఆగాలో మా నాయన ముక్కుతోనే పసిగట్టేవాడు. పక్క గదిలో సంధ్యావందనం చేసుకుంటూ కూడా "ఇంక దించు" అని పనివాడికి కేకేసేవాడు. ఏ గింజ ఎంత, చికోరీ ఎంత, ఏ ఇంటికి ఏ పాళ్ళు, అన్నీ ఆయన నోట్లోనే ఉండేవి.

ఆయన నియమాలను నేను చిన్నప్పుడే మనసులో వరసగా పెట్టుకున్నాను. తప్పితే వీపు విమానం మోత మోగేది కాబట్టి. లోటా పెదవికి తగలకూడదు, ఎత్తి పోసుకోవాలి. ఒకరు కూర్చున్న పీట మీద, అది తుడవకుండా ఇంకొకరు కూర్చోకూడదు. తింటూ ఉన్న చేత్తో వడ్డించే గిన్నె ముట్టకూడదు. నోట్లో పడిన మెతుకు ఏ కారణం చేతనైనా ఉమ్మకూడదు, తిండి అమ్ముకొని బతికేవాళ్ళు తిండిని ఉమ్మితే ఇంకేముంది అనేవాడు. బస్సు ప్రయాణంలో తన చెంబు తనకే. హోటలు తిండి లేదు. అన్నిటికన్నా పైన ఎంగిలి. అమ్మ కంచంలోది ఆయన, ఆయన కంచంలోది అమ్మ ఎన్నడూ ముట్టలేదు. మాకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఆయన మా నోటికి ఒక ముద్ద పెట్టింది నాకు గుర్తు లేదు. ప్రేమ లేక కాదు. పక్కనే కూర్చొని, మేము తినేదాకా లేచేవాడు కాదు. చెయ్యి మాత్రం వచ్చేది కాదు.

ఆయనకు ఒక్కతే చెల్లెలు, శారదత్త. అత్త మొగుడు, అంటే మా మామ, లెక్కల మాస్టరు. ఆ రోజుల్లో ఇథియోపియా దేశంలో బడి పంతుళ్ళు కావాలని మన వాళ్ళను తీసుకునేవారు. మామ దరఖాస్తు పెట్టుకున్నాడు, వచ్చింది, ఇద్దరూ వెళ్ళిపోయారు. అక్కడ ఉత్తరాన కొండల్లో ఒక చిన్న ఊళ్ళో కాపురం. వాళ్ళు అక్కడ ఉండగానే చిత్తూరులో మా అవ్వ పోయింది. అవ్వ ఆఖరి రోజుల్లో కూతురి చేతి నీళ్ళు అడుగుతూనే పోయింది. నాయన తంతి ఇచ్చాడు. జవాబు రాలేదు. పెద్దకర్మ కూడా అయిపోయిన చాలా రోజులకు ఉత్తరం వచ్చింది, తంతి ఆలస్యంగా అందిందని. అది నిజమేనని మా నాయనకు తెలుసు. అయినా పెద్దకర్మ నాడు, బంధువులందరి ఎదుట, కూతురు రాని తల్లి చావు చూసిన కోపంలో ఆయన ఒక మాట అనేశాడు, చెల్లెలి ఇంట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని. బజారులో మాట మీద వ్యాపారం చేసే మనిషి పదిమందిలో అన్న మాట అది. ఉత్తరం వచ్చాక కూడా వెనక్కి తీసుకోలేకపోయాడు.

కొన్నేళ్ళకు ఆ దేశంలో సైన్యం గద్దెనెక్కింది. బడులు మూతబడ్డాయి. వీధుల్లో తుపాకులు పేలాయట. మామ, అత్త, అక్కడే పుట్టిన కూతురు పద్మ, రెండు పెట్టెలతో తిరిగి వచ్చారు. మామకు ఇక్కడ ఉద్యోగం దొరకలేదు. చిత్తూరు రావడానికి అన్న లేడన్నట్టే. అందుకని తిరుపతిలో ఒక గది అద్దెకు తీసుకొని, గోడమీద నీలం రంగుతో 'ఇథియోపియా కాఫీ' అని రాయించి, అత్త అక్కడ నేర్చుకున్న వంట వండడం మొదలుపెట్టింది. ఊరంతా నవ్వింది. చిత్తూరులో ఆ కబురు విన్న రోజు మా నాయన పీపాలో గింజలు మాడ్చేశాడు. అలా మాడడం నేను చూసింది అదొక్కసారే.

నేను తిరుపతిలో పాలిటెక్నిక్‌లో చేరేటప్పుడు నాయన చెప్పిన జాగ్రత్తల్లో చివరిది, ఆ గది వైపు పోవద్దని. పోలేదు కూడా, చెయ్యి విరిగేదాకా. సైకిలు మీద నుంచి పడ్డాను. స్నేహితులు నన్ను పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. వీటిలో మధ్యది ఇంటికి స్నేహితుడి చేత రాయించిన ఉత్తరంలో రాయించలేదు. విరిగింది కుడిచెయ్యి. మెస్సులో ఎడం చేత్తో ముద్ద ఎత్తబోతే వడ్డించే అయ్యర్ గరిటె దించి, ఆ చేత్తో తినే వాళ్ళకు తాను వడ్డించనన్నాడు. చెంచా అడిగాను. ఆ మెస్సు మొత్తానికి ఉన్న చెంచా ఒక్కటే, అది ఊరగాయ జాడీలో ఉండేది. అరటిపండ్లతో రోజులు నెట్టుకొస్తుంటే రోడ్డు మీద మామ కనిపించాడు. కట్టు చూశాడు, ముఖం చూశాడు, సైకిలు వెనక కూర్చోబెట్టుకున్నాడు. దారి పొడుగునా నేను ఆలోచించుకున్నాను. మాట అన్నది నాయన. నీళ్ళు ముట్టనన్నది ఆయన. ఆ మాటలో నా పేరు లేదు. ఆకలిగా ఉన్నప్పుడు ఈ తర్కం చాలా గట్టిగా అనిపించింది.

అత్త ఏడవలేదు. కట్టు వైపు చూసి, "పుత్తూరు కట్టా? మంచిది. కూచో అల్లుడా," అంది, ఎప్పుడూ వచ్చిపోయే వాడితో అన్నట్టు. గదిలో సాంబ్రాణి పొగ, వేగుతున్న కాఫీ గింజల వాసన, ఆ రెంటి కింద ఏదో పులిసిన పిండి వాసన. గోడ పక్కన ముక్కాలి పీట మీద పెద్ద తాంబాళం. దాని నిండా పరిచిన నల్లటి అట్టు, దాని మీద అక్కడక్కడా కుప్పలుగా పప్పు, ఆకుకూర, శనగపిండితో చిక్కగా చేసిన కూర. తాంబాళం చుట్టూ వ్యవసాయ కాలేజీలో చదివే ఆ దేశపు విద్యార్థులు ఇద్దరు కూర్చొని ఉన్నారు. వాళ్ళలో పొడుగాటివాడి పేరు తెస్ఫాయె. అక్కడ మామ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడట. నాకు ఆకు వేస్తారని చూశాను. వేయలేదు. కంచం పెడతారని చూశాను. పెట్టలేదు. మామ వచ్చి ఆ తాంబాళం దగ్గరే కూర్చొని, వాళ్ళ చేతులు తిరుగుతున్న అట్టులోనే తనూ తుంచుకున్నాడు. మా ఇంట్లో ఇలాంటిది జరిగి ఉంటే ఇల్లు కడిగి పసుపునీళ్ళు చల్లేవాళ్ళు. నేను మామ వేళ్ళ వైపు, తెస్ఫాయె వేళ్ళ వైపు మార్చి మార్చి చూస్తున్నాను. ఈలోగా తెస్ఫాయె ఒక తునక తుంచి, పప్పు అద్ది, చుట్టలా చుట్టి, నా నోటి ముందుకు తెచ్చాడు.

వెనక్కి ఒరిగాను. తల గోడకు కొట్టుకుంది. ఊహ తెలిశాక నా నోటి దగ్గరకు ఇంకొకరి చెయ్యి రావడం అదే మొదలు. ఆ చెయ్యి కన్నతల్లిదీ కాదు, మన ఊరివాడిదీ కాదు, మన దేశపువాడిదీ కాదు. పోనీ చిన్నపిల్లాడినా అంటే మీసాలొచ్చాయి. అత్త పొయ్యి దగ్గర నుంచి చూసి నవ్వింది.

"తిను అల్లుడా. నీ చెయ్యి పనికిరాదు కదా, అందాకా ఆ అబ్బి చెయ్యి వాడుకో."

తిన్నాను. ముందు పులుపు తగిలింది. తర్వాత కారం, మెంతులు, వాము. రాగిపిండిని రోజుల తరబడి పులియబెట్టి, పెనం మీద ఒకవైపే కాల్చిన అట్టు అది. పైన తేనెపట్టులా బొక్కలు. ఆ బొక్కల్లోకి పప్పు దిగి ఉంది. అక్కడ వేరే ధాన్యంతో చేస్తారట, అది ఇక్కడ దొరకదు కాబట్టి అత్త రాగులతో చేసేది. కూరలన్నీ వాళ్ళ దేశంలో ఉపవాసం రోజుల్లో తినేవి, మాంసం, నెయ్యి, పాలు ఏవీ ఉండవు. మా కులం వాళ్ళు నిక్షేపంగా తినదగినవి. నేను ఇంకా మింగుతూ ఉండగానే తెస్ఫాయె రెండోది చుట్టాడు. చాలని తల ఊపాను. ఆ ఊపుడు అతనికి అర్థమైంది కానీ ఒప్పుకోలేదు. దీన్ని వాళ్ళు గుర్షా అంటారని మామ చెప్పాడు. ఒక్క ముద్ద పెడితే పగ, రెండు పెడితే ఎడబాటు, మూడోది పెడితేనే చుట్టరికం అని అక్కడి మాట. మన ఇళ్ళలో కూడా ఒక్కసారి వడ్డించి ఊరుకోకూడదని మారు వడ్డిస్తారు కదా అని అత్త అంది. మన వాళ్ళు గరిటెతో ఆగిపోయారు, వాళ్ళు నోటిదాకా పోయారు, అంతే తేడా అని మామ అన్నాడు.

ఆ తర్వాత కాఫీ. కాఫీ అంగడివాడి కొడుకుగా నాకు తెలిసినదంతా అక్కడ తలకిందులైంది. అత్త అందరి ఎదుటే పచ్చి గింజలు కడిగి, పెనం మీద వేయించి, ఆ పొగను ఒక్కొక్కరి ముఖం దగ్గరకు తెచ్చి చూపించింది. తర్వాత రోట్లో దంచింది. పొడుగు మెడ నల్లటి మట్టికూజాలో కాచి, పిడి లేని చిన్న కప్పుల్లో పోసింది. పాలు లేవు. అదే పొడికి మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి, మళ్ళీ పోసి మూడోసారి. మూడోది తాగకుండా లేస్తే ఆ ఇంటిని తప్పుపట్టినట్టు. ఇలాంటి కాఫీకి తిరుపతిలో గిరాకీ ఎలా ఉంటుంది! కొండమీద గుండు చేయించుకొని, గంధం పూసుకొని దిగిన యాత్రికులు బోర్డు చూసి లోపలికి వచ్చేవారు. ఒక పెద్దాయన మొదటి కప్పు తాగి, కళ్ళు మూసుకొని, ఈ కషాయం ఎన్ని పూటలు తాగాలమ్మా, పథ్యం ఏమైనా ఉందా అని అత్తను అడిగాడు. పథ్యం లేదు, మళ్ళీ ఎప్పుడైనా రావాల అంతే అంది అత్త.

కట్టు విప్పాక కూడా నేను అక్కడికి పోవడం మానలేదు. పోయిన ప్రతిసారీ అత్త ఏదో ఒక వంకన అన్న ఊసు తెచ్చేది. లోటా ఇప్పుడూ ఎత్తే తాగుతాడా, మోకాలి నొప్పి తగ్గిందా, ఇప్పటికీ ముక్కుతోనే గింజలు చూస్తాడా. పద్మకు అప్పటికి ఎనిమిదేళ్ళుంటాయి. చెవులు కుట్టలేదు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి కదా. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పిల్ల చెవి పట్టుకొని చూసి, ఏమమ్మా ఇట్లా పెట్టినావు అని అడిగేవారు. మామ ఒకసారి, కంసాలిని పిలిచి తన ఒళ్ళోనే కుట్టించేద్దామన్నాడు. అత్త దంచుతున్న రోకలి ఆపి, "మా అన్న నా చేతి అన్నం తిన్న దినమే దాని చెవులు కుట్టేది. అంతవరకూ బోడిచెవులతోనే ఉండనీ," అంది. ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు. అత్తకు కావలసింది అంగడి నడవడం కాదు, డబ్బు కాదు. ఆ ఒక్కటే.

సెలవులకు చిత్తూరు పోయాను. సంచి దించి చొక్కా విప్పి దండెం మీద వేశాను. నాయన దాని పక్కనుంచి పోతూ ఆగాడు. చొక్కా దగ్గర ముక్కు పెట్టాడు. నా వైపు తిరిగి, ఇది మన వేపుడు కాదే అన్నాడు. యాడ తాగినావని అడిగాడు. నేను చెప్పేలోగానే సాంబ్రాణి వాసన కూడా పట్టేశాడు. చెప్పాను. ఆయన నన్ను కొట్టలేదు. మరుసటి ఉదయం పంచె కట్టుకొని, చెంబు తీసుకొని, నన్ను వెంటబెట్టుకొని తిరుపతి బస్సెక్కాడు.

మేము పోయేసరికి గదిలో తెస్ఫాయె తాంబాళం ముందు కూర్చొని ఉన్నాడు. బెంచీ మీద గుండుతో ఒక యాత్రికుడు కాఫీ తాగుతున్నాడు. నాయన గడప బయటే నిలబడ్డాడు. మామ లేచి రండి బావా అన్నాడు. నాయన ఆయన వైపు కూడా చూడలేదు.

"రేయ్, మీ అత్తకు చెప్పు. నా కొడుకును ఈడికి పిలవద్దని చెప్పు."

అత్త పొయ్యి ముందు నుంచి లేవకుండానే అంది, "మీ నాయనకు చెప్పు. చెయ్యి విరిగినోడికి అన్నం పెట్టినానని చెప్పు."

"చెయ్యి బాగైపోయింది కదా అని చెప్పు."

"ఆకలి బాగు కాలేదని చెప్పు."

నేను చెప్పవలసిన అవసరం ఏమీ లేదు. తల మాత్రం అటూ ఇటూ తిప్పుతున్నాను. అన్నాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొని ఎన్నేళ్ళయిందో. ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు. తెస్ఫాయె మామను వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. మామ తలుపు వైపు చూపించి చిన్నగా ఏదో చెప్పాడు. అప్పుడు తెస్ఫాయె ఒక తునక తుంచి, పప్పు అద్ది, చుట్టి, లేచి గడప దగ్గరకు వచ్చాడు. మా దగ్గర నేర్చుకున్న మాటతో 'అన్నా' అన్నాడు. నాయన ఏందిది అని అడగడానికి నోరు తెరిచాడు. ముద్ద లోపలికి పోయింది.

యాత్రికుడి కప్పు గాలిలోనే ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా లోటా అంచు తగలని పెదవులకు పరాయివాడి వేళ్ళు తగిలాయి. ఇంకొకరు తింటున్న పళ్ళెంలోది, ముట్టనని ఒట్టు వేసిన వంట. ఎన్ని నియమాలు ఒక్కసారిగా పోయాయో లెక్కపెట్టబోయి మానేశాను. ఉమ్మడానికి లేదు. అది ఆయన పెట్టిన నియమమే. ఆయన దవడ కదలకుండా అలాగే నిలబడ్డాడు. "అయ్యో, ఎంత పని చేసినావప్పా," అని అత్త రెండు చేతులతో నోరు మూసుకుంది. మామ తెస్ఫాయెను గట్టిగా మందలించాడు. తెస్ఫాయె తల వంచుకొని, నెమ్మదిగా, చాలాసేపు ఏదో చెప్పాడు. అది వినగా వినగా మామ గొంతు దిగిపోయింది.

నాయన నమిలాడు. మింగాడు. "వాడేమంటాడు?" అన్నాడు.

"వద్దులే బావా."

"చెప్పు."

మామ గడప దగ్గరకు వచ్చాడు. "అత్తమ్మ పోయిందని తంతి వచ్చినాక శారద ఏమీ తినలేదు బావా. ఈ అబ్బి వాళ్ళమ్మ మా పక్కింటామె. ఆయమ్మకు మన బాస రాదు, అత్తమ్మ ఎవురో తెలీదు. వచ్చి కూచోని దీంతోపాటు ఏడ్చింది. దినమూ వచ్చి తన చేత్తో తినిపించింది. తల్లి పోయినోళ్ళు వాళ్ళంతట వాళ్ళు తినరంట, ఎవురో ఒకరు పెట్టాలంట." మామ తెస్ఫాయె వైపు చూపించాడు. "ఇప్పుడు వీడేమంటాడంటే, ఈయన కూడా ఆ తల్లి బిడ్డే కదా, మరి ఈయనకు ఎవురు తినిపించినారని అడగతాండాడు."

నాకు పెద్దకర్మ నాటి పంక్తులు గుర్తుకొచ్చాయి. నాయన గుండుతో, తడి పంచెతో, ఆకు ఆకుకూ తిరిగి నెయ్యి వేయిస్తున్నాడు. అందరినీ ఇంకొంచెం పెట్టించుకోండి అంటున్నాడు. ఆయన ఎప్పుడు తిన్నాడో మాలో ఎవరూ చూడలేదు. చూడాలని కూడా మాకు తోచలేదు.

"ఎవురూ లే," అన్నాడు మా నాయన.

చెంబు గడప పక్కన పెట్టి లోపలికి వచ్చాడు. తాంబాళం ముందు కూర్చున్నాడు. తెస్ఫాయె రెండో ముద్ద పెట్టాడు. మూడోది చుట్టి, తను పెట్టకుండా, మా అత్త చేతికి ఇచ్చాడు. అత్త పెట్టేసరికి సగం పప్పు నాయన పంచె మీద పడింది. ఆయన తుడుచుకోలేదు. ఆ మధ్యాహ్నం ఆయన మూడు కాఫీలూ తాగాడు. తాగి, చెల్లెలితో నేరుగా అన్న మొదటి మాట, "గింజ మంచిది. మాడబెట్టినావు," అని. మా అత్త కన్నీళ్ళు తుడుచుకుంటూనే, అక్కడ ఇట్లాగే వేయిస్తారని వాదించింది.

చిత్తూరులో ఈ సంగతి తెలిశాక బంధువులు మా అరుగు మీద పెద్ద విచారణే నడిపారు. వంట చెల్లెలిదైనా మొదట పెట్టిన చెయ్యి పరాయిది కాబట్టి మాట పోనట్టేనని కొందరు, గది అద్దెది కాబట్టి అది ఆమె ఇల్లే కాదని ఇంకొందరు దారి చూపించారు. నాయన అందరి వాదనా విని, మాట తప్పినాను, ఏం, ఉరేస్తారా అన్నాడు. ఆ వారమే పద్మ ఆయన ఒళ్ళో కూర్చొని చెవులు కుట్టించుకుంది. అప్పటి నుంచి అత్త అంగడికి గింజలు చిత్తూరు నుంచే పోయేవి. వేయించడంలో మాత్రం ఇద్దరికీ చివరిదాకా సయోధ్య కుదరలేదు.

అంగడి ఇంకో రెండు మూడేళ్ళు నడిచి ఆగిపోయింది. మామకు ట్యూషన్లు దొరికాయి. తెస్ఫాయె చదువు ముగించుకొని వాళ్ళ దేశం పోతానన్నాడు. అక్కడి పరిస్థితి బాగాలేదు, కొన్నాళ్ళు ఉండిపొమ్మని అత్త బతిమాలింది. వాళ్ళమ్మ అక్కడ ఒక్కతే ఉందన్నాడు. రేణిగుంట స్టేషనులో అత్త అతనికి కిటికీలోంచి మూడు ముద్దలు పెట్టింది. ప్లాట్‌ఫారం మీద జనం ఆగి చూశారు. తర్వాత కొన్ని ఉత్తరాలు వచ్చాయి. తర్వాత అవి రావడం ఆగిపోయింది.

ఇప్పుడు తిరుపతిలో ఎక్కడ చూసినా స్టీలు కంచాల హోటళ్ళు. గళ్ళు గళ్ళుగా నొక్కిన కంచం, ఏ కూర గడి దానిదే, ఒకటి ఇంకోదాన్ని ముట్టుకోదు. పని తొందరగా అవుతుంది, శుభ్రంగా ఉంటుంది. నక్షాలు గీసేవాడిగా నాకు ఆ గళ్ళు నచ్చుతాయి కూడా. నేను గీయబోయే లాడ్జిలో కింద అలాంటి హోటలే వస్తుంది. అందులో బల్లకూ బల్లకూ మధ్య ఎంత జాగా వదలాలో నాకు తెలుసు. మనిషి చెయ్యి ఇంకో మనిషి నోటిదాకా చాచడానికి ఎంత జాగా కావాలో మాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. అలాగని అప్పటి రోజులే గొప్పవని చెప్పను. ఒక తంతి ఆలస్యమైతే అన్నాచెల్లెళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోని రోజులవి. ఇప్పుడు మా ఆఫీసులో ఫోను తిప్పితే చిత్తూరు పలుకుతుంది. తెస్ఫాయె వాళ్ళ ఊరు మాత్రం ఇప్పుడూ పలకదు.

అంగడి ఆగిపోయిన కొన్నేళ్ళకు, ఆ దేశంలో కరువు వచ్చిందని పేపర్లో ఫోటోలు పడ్డ రోజు నేను సెలవు మీద చిత్తూరులోనే ఉన్నాను. ఆ ఫోటో చూసి నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. గుడారాల ముందు, ఎముకల మీద గుడ్డ కప్పినట్టున్న మనుషులు. చంకలో పిల్లలు, ఆ పిల్లల కళ్ళ మీద ఈగలు. ఆ ముఖాలు నాకు తెలిసినవి. ఆ నుదుళ్ళు, ఆ పొడుగాటి వేళ్ళు. నా నోటికి అన్నం పెట్టిన వేళ్ళు ఖాళీ గిన్నె పట్టుకొని ఉన్నాయి. కింద రాసిన ప్రాంతం పేరు మామ బడి ఉన్న ప్రాంతమే. నాయన ఆ పేరు నాచేత చదివించుకున్నాడు. ఇంకోసారి చదవమన్నాడు.

సాయంత్రానికి తిరుపతి నుంచి మామ కబురు పంపాడు, అత్త అన్నం ముట్టడం లేదని. ఇరుగుపొరుగు వచ్చి, ఎవరో పోతే నీకెందుకమ్మా, పోయారని కూడా తెలీదు కదా అంటున్నారట. తంతి రాలేదు. వచ్చే దారి కూడా లేదు. మర్నాడు తొలి బస్సుకే నాయన బయలుదేరాడు. అమ్మ క్యారియరు కట్టి ఇచ్చింది, పప్పన్నం, చారు. నేను వెంట పోయాను. అత్త గోడకు చేరగిలబడి కూర్చొని ఉంది. అన్నను చూసి లేవబోయింది. నాయన ఆమె ఎదురుగా నేల మీద కూర్చొని, క్యారియరు విప్పి, కంచం ఒకటి తెప్పించి, పప్పన్నం కలిపాడు. కలపడం సరిగా రాలేదు. ఆ చేతికి అలవాటు లేదు. ముద్ద చేసి ఆమె నోటి దగ్గరకు తీసుకుపోయాడు. పుట్టి బుద్ధెరిగాక మా నాయన ఇంకొక మనిషికి అన్నం తినిపించడం నేను చూడలేదు.

అత్త తల అడ్డంగా ఊపింది. "తెస్ఫాయె వాళ్ళమ్మ బతికుందేమో అన్నా. బతికున్న మనిషికి నేను ఏడవకూడదు. పోయిందని తెలిసినా బాగుండు."

"బతికుంటే నువ్వు పస్తుండి ఆయమ్మ ఆకలి తీరుస్తావా, తిను. పోయింటే ఇది ఆయమ్మ పెట్టే ముద్దే అనుకో, తిను," అన్నాడు నాయన. ఆయన వేళ్ళ సందుల నుంచి పప్పు కారుతోంది. "ఏది నిజమో ఎవురు వచ్చి చెప్తారు మనకు? ముందు నోరు తెరువు."